'ప్రతులకు' అన్న చోట ఎవరి అడ్రస్ ఉండాలి?

ఈమధ్య వచ్చిన తెలుగు కథల పుస్తకమో కవిత్వమో ఏదైనా చేతిలోకి తీసుకుని, పేరు పేజీ వెనక్కి తిప్పి చూడండి. అక్కడ ధర, ముద్రణ, కవర్ డిజైన్ వివరాల కింద 'ప్రతులకు' అని ఉంటుంది. దాని కింద ఎక్కువసార్లు కనిపించేది రచయిత ఇంటి అడ్రసే. ఫ్లాట్ నంబరు, వీధి పేరు, ఊరు, సెల్ నంబరు. నేను ఏ పుస్తకం కొన్నా ముందు ఆ పేజీ చూస్తాను. ఆ నాలుగు లైన్లు చదివితే చాలు, ఈ పుస్తకానికి డబ్బు పెట్టింది ఎవరు, కట్టలు ఎవరింట్లో ఉన్నాయి, ఎవరైనా అడిగితే కవరులో పెట్టి పోస్టాఫీసు దాకా వెళ్ళేది ఎవరు అన్నది అర్థమైపోతుంది.

నా మొదటి కథల పుస్తకం కూడా అలాగే వచ్చింది. డెమ్మీ సైజు, 160 పేజీలు, 500 కాపీలు. డీటీపీ దగ్గర నుంచి ప్రూఫుల దాకా అన్నీ నేనే చూసుకున్నాను, డబ్బు నేనే పెట్టుకున్నాను, ఆవిష్కరణ సభ రోజున మిత్రులు వచ్చి కొన్నారు, ఆ తర్వాత నెల రోజులు ఎవరో ఒకరు ఫోన్ చేశారు, ఆపైన నిశ్శబ్దం. వంద కాపీలు ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర వేశాను. ఏడాది తర్వాత అడిగితే లెక్కలు చూసి చెప్తామన్నారు. మూడేళ్ళయింది. డబ్బూ రాలేదు, పుస్తకాలూ వెనక్కి రాలేదు, ఎన్ని అమ్ముడుపోయాయో కూడా తెలియదు. ఇది నా ఒక్కరి సంగతే అయితే రాసే పని లేదు. నాకు తెలిసిన రచయితల్లో సగం మందికి ఇలాంటి అనుభవం ఉంది, ఎవరికి వాళ్ళం విడివిడిగా మోస్తున్నాం.

అందుకే ఏ సాహిత్య సభకు వెళ్ళినా ఎవరో ఒకరు అంటారు, 'మనమంతా కలిసి ఒక సహకార సంఘం పెట్టుకుని మన పుస్తకాలు మనమే వేసుకుంటే?' అని. మాట బాగానే ఉంటుంది, కానీ దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియక అక్కడే ఆగిపోతుంది. నాకు అర్థమైనంతలో, రెండు వేర్వేరు పనుల్ని మనం కలిపేసి మాట్లాడుకోవడం వల్లే ఆగిపోతోంది. కలిసి పుస్తకం వేయడం ఒక పని. కలిసి పుస్తకం అమ్మడం ఇంకో పని. మొదటిది ఇవాళ ఎవరికైనా చేతనవుతుంది. రెండోది చేతనైన చోటే సహకార సంఘాలు నిలబడ్డాయి. ఇది తెలియాలంటే కొట్టాయం కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

1945. అప్పటికి కేరళ అనే రాష్ట్రం లేదు, కొట్టాయం తిరువాన్కూరు సంస్థానంలో ఉండేది. మలయాళ రచయితల పరిస్థితి మనకు బాగా పరిచయమున్నదే. రాతప్రతి పట్టుకుని ప్రచురణకర్త దగ్గరికి వెళ్తే ఏకమొత్తంగా ఏదో చేతిలో పెట్టి హక్కులు రాయించుకునేవారు, ఆ తర్వాత ఎన్ని ముద్రణలు వేసుకున్నా రచయితకు సంబంధం ఉండదు. లేదంటే సొంతంగా అచ్చు వేసుకుని తిరిగి అమ్ముకోవాలి. వైక్కం ముహమ్మద్ బషీర్ అంతటి రచయిత తన పుస్తకాలు తానే మోసుకెళ్ళి అమ్ముకున్నాడు, తర్వాత ఎర్నాకుళంలో పుస్తకాల షాపు కూడా నడిపాడు.

అలాంటి రోజుల్లో 12 మంది రచయితలు కలిసి 120 రూపాయల మూలధనంతో సంఘం రిజిస్టర్ చేశారు. సగటున తలకు పది రూపాయలు. పేరు సాహిత్య ప్రవర్తక సహకార సంఘం. విమర్శకుడు ఎం.పి. పాల్ అధ్యక్షుడు. కథకుడు, బడి పంతులు అయిన కారూర్ నీలకంఠ పిళ్ళై కార్యదర్శి. మొదటి పుస్తకంగా తకళి శివశంకర పిళ్ళై కథల సంపుటి వేశారు. ఆ సంఘం రచయితకు ఇచ్చిన రాయల్టీ 30 శాతం. మళ్ళీ చెప్తాను, ముప్ఫై శాతం. ఇవాళ్టికీ పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలు పది శాతం ఇస్తే మర్యాదగా ఇచ్చినట్టు లెక్క.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, పన్నెండు మంది పిడికెడు డబ్బుతో చరిత్ర సృష్టించారని. నాకు మాత్రం అసలు విషయం 1949లో ఉంది అనిపిస్తుంది. ఆ ఏడాది సంఘం నేషనల్ బుక్ స్టాల్ అనే పుస్తకాల షాపును తన చేతిలోకి తీసుకుంది. అది డి.సి. కిళక్కెమురి మొదలుపెట్టిన షాపు. అప్పటి నుంచి సంఘం పుస్తకాలు వేయడంతో ఆగలేదు, తన పుస్తకాలు తానే అమ్మింది. మలయాళీ పాఠకులకు చాలాకాలం సంఘం పేరు కన్నా షాపు పేరే, ఎన్.బి.ఎస్. అన్న మూడక్షరాలే ఎక్కువ తెలుసు.

షాపు ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. అప్పటి ధరలు వేరు, ఇప్పటి ఊహా లెక్కే తీసుకుందాం, వాటాల సంగతి ఎప్పుడైనా ఒకటే. 200 రూపాయల ధర పెట్టిన పుస్తకం, 500 కాపీలు, అన్ని ఖర్చులూ కలిపి 40 వేలు అనుకోండి. అంటే కాపీకి 80 రూపాయలు. షాపుకో డిస్ట్రిబ్యూటర్‌కో 40 శాతం కమీషన్ ఇస్తే అదొక 80. రచయితకు 30 శాతం ఇవ్వాలంటే 60. మూడూ కలిపితే 220. పుస్తకం ధరే 200. అంటే బయటి షాపు మీద ఆధారపడినంత కాలం 30 శాతం రాయల్టీ ఎంత మంచి మనసున్న సంఘమైనా ఇవ్వలేదు, లెక్కే కుదరదు. అదే షాపు సంఘానిదే అయితే అచ్చు 80, రాయల్టీ 60 పోగా 60 మిగులుతుంది. ఆ అరవైలో అద్దె, జీతాలు, పోస్టేజీ, అమ్ముడుపోని కాపీల నష్టం అన్నీ సర్దుకోవాలి, కష్టమే కానీ అసాధ్యం కాదు. కొట్టాయంలో కొత్తగా డబ్బు పుట్టించింది లేదు. దారిలో ఎక్కడో ఆగిపోయే వాటాను ఇంట్లోకి తెచ్చుకున్నారు, అందులోంచి రచయితకు ఇచ్చారు.

ఇదే లెక్కను మన వైపు నుంచి చూడండి. కాపీకి 120 చేతికొస్తే 40 వేలు తిరిగి రావడానికి 334 కాపీలు షాపుల్లో అమ్ముడుపోవాలి, పైగా అమ్ముడుపోయిన డబ్బు నిజంగా చేతికి రావాలి. నేరుగా పాఠకుడికే పది శాతం తగ్గించి 180కి ఇచ్చి, పోస్టు ఖర్చు 20 మనమే పెట్టుకుంటే 250 కాపీలకే పెట్టుబడి వచ్చేస్తుంది. మామూలు కథల పుస్తకానికి ఆ 334కీ 250కీ మధ్య తేడా చాలా పెద్దది. నష్టపోయిన రచయితకూ, రెండో పుస్తకం వేయగలిగిన రచయితకూ మధ్య ఉన్న తేడా అదే.

షాపు ఉంటే సరిపోదు, కొనేవాళ్ళు ఉండాలి. అక్కడ కొట్టాయం రచయితలకు కాలం కలిసొచ్చింది. సరిగ్గా అదే 1945లో పి.ఎన్. పణిక్కర్ చొరవతో 47 గ్రంథాలయాలు కలిసి అంబలప్పుళలో తిరువాన్కూరు గ్రంథశాల సంఘం పెట్టుకున్నాయి. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. పల్లెల్లో చిన్న చిన్న లైబ్రరీలు వచ్చాయంటే ప్రతి కొత్త పుస్తకానికీ ముందుగానే ఒక మార్కెట్ ఉన్నట్టు. ఒకవైపు రచయితల సంఘం, ఇంకోవైపు పాఠకుల సంఘం, మధ్యలో సొంత షాపు. ఈ మూడింటిలో ఒకటి తీసేస్తే మిగతా రెండూ అంత ఎత్తుకు వెళ్ళేవని నేను అనుకోను.

ఇక్కడ మన సంగతి గుర్తుకొచ్చి మనసు కలుక్కుమంటుంది. గ్రంథాలయోద్యమంలో మనం వాళ్ళ కన్నా ముందున్నాం. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లోనే పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య కృషితో 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. తర్వాత ఇంటిపన్ను మీద లైబ్రరీ సెస్సు కూడా పెట్టుకున్నాం, అంటే పుస్తకాలు కొనడానికి ప్రజలే డబ్బు కడుతున్నారు. కానీ కొనుగోలు మొత్తం ప్రభుత్వం చేతిలో ఉండిపోయింది. ఎప్పుడు కొంటారో, ఏవి కొంటారో, బిల్లు ఎప్పుడు వస్తుందో తెలియని ఆ ఎదురుచూపు మీదే మన ప్రచురణ రంగం చాలాకాలం బతికింది. కొనుగోళ్ళు ఆగినప్పుడల్లా అది కూడా ఆగింది. అంత ఉద్యమం నడిపిన నేల మీద పుస్తకం ఊళ్ళోకి వెళ్ళే దారి మళ్ళీ మూసుకుపోవడం చిన్న నష్టం కాదు.

కొట్టాయం కథలో తర్వాతి భాగం కూడా దాచకుండా చెప్పుకోవాలి. డి.సి. కిళక్కెమురి ఆ సంఘాన్ని ఏళ్ళ తరబడి నడిపి, బయటికొచ్చి 1974లో డీసీ బుక్స్ పేరుతో సొంత సంస్థ పెట్టాడు. అదే కొట్టాయంలో. మలయాళంలో ఇవాళ అతి పెద్ద ప్రచురణ సంస్థల్లో అది ఒకటి. సంఘం ఇప్పటికీ ఉంది, పుస్తకాలు వేస్తూనే ఉంది, కానీ ఒకప్పటి ఆధిపత్యం లేదు. దీన్ని ఎవరి తప్పుగానూ నేను చూడను. అమ్మకం తెలిసిన మనిషి ఎంత అరుదో, అలాంటి మనిషి వెళ్ళిపోతే సంఘానికి ఎంత లోటో ఇది చూపిస్తుంది. రచయితలు వందమంది దొరుకుతారు. ఆర్డర్లు రాసుకుని, బాకీలు వసూలు చేసి, ఏ ఊళ్ళో ఏ పుస్తకం కదులుతుందో గుర్తుపెట్టుకునే మనిషి ఒక్కరు దొరకడం కష్టం. ఆ పని చేసేవాళ్ళను మనం 'సేవ' అని పొగుడుతూ జీతం ఇవ్వకుండా వాడుకుంటే వాళ్ళు నిలవరు, నిలవాల్సిన అవసరమూ లేదు.

మిగతా ప్రపంచంలో ఈ ప్రయోగాలు ఎక్కువగా 1970 చుట్టూ జరిగాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1969లో, సూర్‌కాంప్ అనే పెద్ద ప్రచురణ సంస్థలో తమకూ నిర్ణయాల్లో భాగం కావాలని అడిగి కాదనిపించుకున్న కొందరు సంపాదకులు బయటికొచ్చి రచయితలతో కలిసి ఫెర్లాగ్ డెర్ ఆటోరెన్ పెట్టారు. పేరుకు అర్థమే రచయితల ప్రచురణాలయం. అది ఇప్పటికీ బతికే ఉంది, ఎందుకంటే దాని ప్రధానమైన పని పుస్తకాలు గోడౌన్లో పేర్చడం కాదు, నాటకాల, రేడియో నాటకాల, సినిమా రచనల హక్కులు చూసుకోవడం. ఒక ఊళ్ళో నాటకం ఆడిన ప్రతిసారీ డబ్బు వస్తుంది, కాగితం ఖర్చు లేదు.

లండన్‌లో 1974లో జాన్ బెర్జర్, ఆర్నాల్డ్ వెస్కర్ లాంటి రచయితలు కలిసి రైటర్స్ అండ్ రీడర్స్ అనే సహకార ప్రచురణ సంస్థ పెట్టారు. కష్టమైన విషయాల్ని బొమ్మలతో తేలిగ్గా చెప్పే పుస్తకాల వరుస ఒకటి తెచ్చి పేరు తెచ్చుకున్నారు, కానీ పదేళ్ళు దాటాక సహకార సంస్థగా నిలవలేదు. డబ్లిన్‌లో 1976లో ఐరిష్ రైటర్స్ కోఆపరేటివ్ వచ్చింది, తర్వాత సినిమా దర్శకుడిగా పేరు తెచ్చుకున్న నీల్ జోర్డన్ మొదటి కథల పుస్తకం వేసింది వాళ్ళే. అది కూడా ఎక్కువకాలం లేదు. కానీ ఒక తరం కొత్త రచయితలు బయటికి రావడానికి ఆ కొద్దికాలమే సరిపోయింది. అన్ని సంఘాలూ వందేళ్ళు బతకాల్సిన అవసరం లేదని ఐర్లండ్ చూస్తే నాకు ధైర్యం వస్తుంది.

అమెరికాలో రెండు ఉదాహరణలు మనకు ఇంకా దగ్గర. మసాచుసెట్స్‌లో 1973లో ఏడుగురు, వాళ్ళలో ఐదుగురు ఆడవాళ్ళు, కలిసి ఆలిస్ జేమ్స్ బుక్స్ అనే కవిత్వ ప్రచురణ సంస్థ పెట్టారు. నియమం సూటిగా ఉండేది, నీ పుస్తకం వేస్తాం, నువ్వు కొంతకాలం సంస్థ పని చెయ్యాలి. తర్వాతి కవి రాతప్రతి చదవడం, ఎంపిక చేయడం, అమ్మకం, అన్నిటిలో చెయ్యి వెయ్యాలి. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో మొదలైన ఫిక్షన్ కలెక్టివ్‌లోనూ ఎంపిక తోటి రచయితలదే, కాకపోతే అచ్చు ఖర్చు ఎవరి పుస్తకానికి వాళ్ళే పెట్టుకునేవారు. మన సొంత ప్రచురణకూ దానికీ తేడా ఏమిటంటే, డబ్బు నీదే అయినా నీ రాతప్రతి నలుగురు తోటి రచయితలు చదివి సరే అనాలి. ఈ ఒక్క మెట్టు మన దగ్గర లేదు. మన పుస్తకాన్ని అచ్చుకు ముందు శ్రద్ధగా చదివేది చాలాసార్లు డీటీపీ చేసినవాళ్ళు, ముందుమాట రాసినవాళ్ళు మాత్రమే.

ఇంటర్నెట్ వచ్చాక 2008లో ఉర్సులా లెగ్విన్ సహా కొందరు రచయితలు బుక్ వ్యూ కఫే అనే సంఘం పెట్టుకున్నారు. ఎక్కువగా ఈబుక్కులే. ఎడిటింగ్, కవర్, ఫార్మాటింగ్ అన్నీ సభ్యులే ఒకరికొకరు చేసిపెట్టుకుంటారు, అమ్మకంలో అతి పెద్ద వాటా రచయితకే వెళ్తుంది. డబ్బు బదులు శ్రమ పెట్టుబడి.

ఇక మన దగ్గర. సహకార సంఘం అనే పేరు లేకపోయినా, కలిసి పుస్తకాలు తెచ్చిన చరిత్ర మనకు గట్టిగానే ఉంది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు మిత్రులతో కలిసి హైదరాబాదులో మొదలుపెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి చందాదారుల బలం మీద నడిచింది. కొనేవాళ్ళను ముందే కూడగట్టుకుని పుస్తకం వేయడమన్నమాట. నిజాం కాలంలో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు భుజాన వేసుకుని తిరిగి అమ్మాడు. విరసం లాంటి రచయితల సంస్థలు తమ సభ్యుల పుస్తకాలు తామే వేసుకున్నాయి. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ లాభాపేక్ష లేకుండా తక్కువ ధరకు పుస్తకాలు ఇచ్చింది. ఇవన్నీ గొప్ప పనులు. కానీ వీటిలో యజమాని ఒక ఆశయమో ఒక సంస్థో, రచయిత కాదు. ఆశయం కోసం పనిచేసేవాళ్ళు డబ్బు లెక్క అడగరు, అడగడం బాగుండదు కూడా. సహకార సంఘంలో మాత్రం లెక్క అడగడం సభ్యుడి హక్కు.

ఈ తేడా దగ్గరే చాలామందికి తికమక వస్తుంది కాబట్టి చట్టం సంగతి కొంచెం విడమర్చాలి. మన సాహిత్య సంస్థల్లో ఎక్కువ భాగం సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవి. ఏడుగురు ఉంటే చాలు. సభలు పెట్టుకోవచ్చు, పత్రిక నడపొచ్చు, పుస్తకాలూ వేయొచ్చు, కానీ మిగులు డబ్బును సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు. ట్రస్టులోనూ అంతే, పైగా ట్రస్టీల మాటే చివరి మాట. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో ఎవరి షేర్లు ఎక్కువుంటే వాళ్ళ మాట చెల్లుతుంది. సహకార సంఘంలో పది రూపాయల షేరున్నా పదివేల షేరున్నా ఓటు ఒక్కటే, మిగులును సభ్యులు పంచుకోవచ్చు, అది కూడా ఎవరు సంఘాన్ని ఎంత వాడుకున్నారన్న దాన్ని బట్టి.

సహకారం అనగానే మనవాళ్ళకు రాజకీయాలు, ప్రభుత్వం కూర్చోబెట్టే పర్సన్ ఇన్‌ఛార్జిలు, రద్దయిన కమిటీలు గుర్తుకొస్తాయి. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద ఉన్న సంఘాల్లో ప్రభుత్వానికి చాలా పట్టుంది. కానీ 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది, జనం మాక్స్ చట్టం అంటారు. దాని కింద పెట్టుకున్న సంఘంలో ప్రభుత్వ షేరు ఉండదు, నియమావళి సభ్యులే రాసుకుంటారు, పాలకవర్గాన్ని వాళ్ళే ఎన్నుకుంటారు, ఏటా ఆడిట్ చేయించి సర్వసభ్య సమావేశం పెట్టుకోవాలి. వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పది మంది ఉంటే రిజిస్టర్ చేయొచ్చు. స్వకృషి పేరుతో పాలు అమ్మే ముల్కనూరు మహిళా డెయిరీ ఈ పద్ధతిలో నడుస్తున్నదే. పల్లెటూరి ఆడవాళ్ళు పాల వెన్న శాతం దగ్గర నుంచి బోనస్ దాకా లెక్క తేల్చుకుని నడుపుతున్న పనిని, అక్షరాలతోనే బతికే మనం చేయలేమని నేను ఒప్పుకోను.

చట్టంలో ఇంకో సంగతి, సంఘం పెట్టినా పెట్టకపోయినా ప్రతి రచయితా తెలుసుకోవాల్సింది. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు ఇవ్వడం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికి అని రాయకపోతే ఐదేళ్ళకే అని అర్థం. ఎక్కడికి అని రాయకపోతే భారతదేశం వరకే. నోటిమాట మీద 'మా పుస్తకం వాళ్ళకు ఇచ్చేశాం' అనుకునే రచయితలు ఎందరో ఉన్నారు. రచయితల సంఘం మొదట చేయాల్సిన మంచి పని ఒక పేజీ ఒప్పంద పత్రం తయారుచేయడం. హక్కు రచయితదే, సంఘానికి ఇన్నేళ్ళు అచ్చు వేసి అమ్మే అనుమతి మాత్రమే, లెక్క ఏడాదికి రెండుసార్లు, పుస్తకం అయిపోయి ఇన్ని నెలల్లో మళ్ళీ వేయకపోతే అనుమతి రద్దు. సంఘం మనదే కదా, కాగితాలెందుకు అనుకుంటే మనల్ని ఇంతకాలం ఇబ్బంది పెట్టిన పద్ధతినే మనం మళ్ళీ మొదలుపెట్టినట్టు అవుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన దాని దగ్గరికి వస్తున్నాను. మొహమాటం.

పది మంది రచయితలు కలిశారు. అందులో ఒకరి రాతప్రతి బాగాలేదు. ఎవరు చెప్పాలి? ఆయన పెద్దాయన, మనందరి పుస్తకాలకూ ముందుమాటలు రాసినవాడు, షేరు కట్టిన సభ్యుడు, ఓటున్నవాడు. 'సార్, దీన్ని ఇంకొంచెం చూడాలేమో' అని గొణిగి, చివరికి వేసేస్తాం. రెండో ఏడాదికి అలాంటివి మూడు. మూడో ఏడాదికి సంఘం ముద్ర ఉన్న పుస్తకమంటే పాఠకుడికి నమ్మకం పోతుంది, నమ్మకం పోయాక షాపు ఉన్నా లాభం లేదు. సహకార సంఘాల్ని డబ్బు లేకపోవడం కన్నా ఇదే ఎక్కువ దెబ్బ తీస్తుందని నా అభిప్రాయం. అందుకే ఆలిస్ జేమ్స్ పద్ధతిలా ఎంపికను నియమంగా రాసుకోవాలి, మనుషుల మీద వదిలేయకూడదు. నాకైతే ఇంకో అడుగు ముందుకేసి, సభ్యుల పుస్తకాలు సభ్యులే ఎంపిక చేయకుండా, బయటి నుంచి ముగ్గురు చదివి రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చేలా, వాళ్ళకు ఆ పనికి డబ్బు ఇచ్చేలా పెట్టుకోవడం మేలనిపిస్తుంది. మంచి పాఠకులు మన చుట్టూ ఉన్నారు. వాళ్ళ చదువును మనం ఎప్పుడూ ఉచితంగానే అడిగాం.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. ఒక సభ్యుడి పుస్తకం బాగా అమ్ముడుపోయి ఐదు ముద్రణలకు వెళ్ళింది. 'నా పుస్తకం మీద వచ్చిన డబ్బుతో మిగతా తొమ్మిది మంది పుస్తకాలు ఎందుకు వేయాలి' అని ఆయనకు అనిపించడం సహజం, పైగా ఈలోపు పెద్ద ప్రచురణ సంస్థ నుంచి ఫోన్ వస్తుంది. ఆయన్ని స్వార్థపరుడు అనేకన్నా, అమ్మకాన్ని బట్టి మిగులులో వాటా ఇచ్చే ఏర్పాటు మొదటి నుంచే ఉంటే ఆ కోపానికి చోటుండదు. వెళ్ళాలనుకుంటే మూడు నెలల ముందు చెప్పి, లెక్క తేల్చుకుని, కాపీలు తీసుకుని మర్యాదగా వెళ్ళే దారి కూడా నియమావళిలో ఉండాలి. బయటికి దారి ఉన్న ఇంట్లోకే జనం ధైర్యంగా వస్తారు.

అన్నీ ఆలోచించాక, పది మంది నిజంగా కూర్చుంటే మొదటి ఏడాది ఏం చేయాలన్నది నాకు స్పష్టంగా ఉంది. ఒక్క కొత్త పుస్తకం కూడా వేయకూడదు.

చెప్పగానే చాలామంది నిరుత్సాహపడతారు, సంఘం పెట్టుకున్నదే పుస్తకాల కోసం కదా అని. కానీ ఆ పది మంది ఇళ్ళలో ఇప్పటికే అచ్చయిన పుస్తకాలు ఉన్నాయి. తలా 150 కాపీలు వేసుకున్నా పదిహేను వందలు. వాటికి అచ్చు ఖర్చు ఎప్పుడో పెట్టేశాం. వాటన్నిటినీ ఒక గదిలోకి చేర్చి, ఒక జాబితా వేసి, ఒక ఫోన్ నంబరు, ఒక బ్యాంకు ఖాతా, ఒక స్టాకు రిజిస్టరు పెట్టి, నెలకు కొంత జీతం ఇచ్చి ఒక మనిషిని కూర్చోబెడితే షాపు మొదలైనట్టే. ఒక్క పుస్తకమే ఉన్న రచయితకు ఫోన్ చేసిన పాఠకుడు ఒక్కటే కొంటాడు. జాబితాలో పదిహేను పుస్తకాలు కనిపిస్తే ఇంకో రెండు కలుపుకుంటాడు, పోస్టు ఖర్చు మూడింటి మీదకు సర్దుకుంటుంది. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను తపాలా శాఖ 2024 డిసెంబరులో తీసేసినప్పుడు, ఆ తర్వాత మే నెలలో అలాంటిదే జ్ఞాన్ పోస్ట్ వచ్చేదాకా, ఒక్కో పుస్తకం పంపడానికి ఎంత ఖర్చయిందో గుర్తున్నవాళ్ళకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో ఒక్కరికి స్టాల్ అద్దె భారం, పది మందికి కాదు. అక్కడ కొన్నవాళ్ళ ఫోన్ నంబర్లు అడిగి రాసుకుంటే, అవే రేపటి చందాదారుల జాబితా.

ఏడాది చివర ఆ రిజిస్టరు తెరిస్తే రెండు సంగతులు తెలుస్తాయి. ఏ పుస్తకం ఎన్ని కదిలింది అన్నది ఒకటి, ఇప్పటిదాకా మనలో ఎవరికీ కచ్చితంగా తెలియని లెక్క అది. పది మందిలో ఎవరు సమయానికి వచ్చారు, ఎవరు స్టాల్లో నిలబడ్డారు, ఎవరు తోటివాళ్ళ పుస్తకం గురించి పాఠకుడికి చెప్పి అమ్మారు అన్నది రెండోది. ఆ రెండూ తెలిశాక సంఘం రిజిస్టర్ చేయాలా వద్దా, మొదటి పుస్తకం ఎవరిది అన్న మాటలు గాల్లో మాట్లాడుకోనక్కర్లేదు.

నా దగ్గర ఇంకా 170 కాపీలున్నాయి. గది ఎక్కడన్నది తేలితే వాటిని అక్కడికి చేర్చి, పేరు పేజీ వెనక ఉన్న నా ఇంటి అడ్రస్ మీద ఒక చిన్న స్టిక్కర్ అంటించాలి.